రింగు మీద ఇరవై నాలుగు

గారెట్‌కి తుపాకీ స్కోపు కొనడానికి వెళ్ళిన రోజున వెర్నా నోరు మూసుకుని ఓ పక్కన నిలబడి ఉంటే సరిపోయేది. ఆ మాట తర్వాత ఆవిడే తనని తాను తిట్టుకుంటూ ఎన్నిసార్లు అనుకుందో. కానీ కొడుకు విషయంలో నోరు మూసుకోవడం ఆవిడకి ఏనాడూ చేతకాలేదు. వాడికి ముప్పై నాలుగేళ్ళు వచ్చినా, కలప దుంగలు మోసే పెద్ద లారీ తోలుతున్నా, గడ్డంలో ఒకటీ అరా తెల్ల వెంట్రుక కనిపిస్తున్నా సరే, వాడు గుమ్మం దిగి వెళ్తుంటే ఆవిడ కళ్ళకి ముందుగా కట్టేది చెడే. వంతెన మీద లారీ జారినట్టు, టామరాక్ చెట్టు విరిగి నెత్తిన పడ్డట్టు, పొదలోంచి ఎలుగు లేచినట్టు. వాడు నవ్వుతూ తిరిగొచ్చినట్టు మాత్రం ఒక్కసారీ కనిపించదు. తిరిగొచ్చాక కూడా వాడి చేతులూ కాళ్ళూ ఓసారి చూసుకుంటే గాని ఆవిడకి అన్నం సయించదు.

దానికి తోడు ఆ కన్ను. రెండేళ్ళ కిందట రంపపు మిల్లులో చెక్కపేడు ఎగిరొచ్చి గారెట్ కుడి కంట్లో గుచ్చుకుంది. మిసోలా పట్నంలో డాక్టరు కుట్లు వేశాడు. చాన్నాళ్ళు కట్టు కట్టి, చివరికి చూపు మొత్తం తిరిగొచ్చిందని రాసిచ్చాడు. గారెట్ ఆ మాట సగం నమ్మాడు. ఎండలోకి వెళ్ళినప్పుడల్లా చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎడమ కన్ను మూసి, కుడి కంటితో ఏ పర్వతాన్నో చూసి సరిచూసుకునేవాడు. వెర్నా అసలు నమ్మలేదు.

తండ్రి పోతూ వాడికి వదిలివెళ్ళిన తుపాకీ మీద గురి చూసే పాత స్కోపు గొట్టం ఒకటుండేది. ఎప్పుడు చూసినా నాలుగింతలే చూపించేది. దానికి తిప్పే రింగు లేదు, పెంచేదీ తగ్గించేదీ లేదు. వాడు చిన్నప్పటినుంచీ దానితోనే వేటాడాడు. ఎత్తడం, చూడడం, కాల్చడం, అంతే. నిరుడు దాని లోపల చెమ్మ చేరి అద్దం పాలు పోసినట్టయింది. కొత్తది కొనక తప్పలేదు. నేనూ వస్తానని వెర్నా పికప్ ఎక్కి కూర్చుంది.

తుపాకుల కొట్టాయన బర్డెట్ రెండు స్కోపులు తీసి ఆకుపచ్చ గుడ్డ మీద పెట్టాడు. ఒకటి రెండింతల నుంచి పదింతల దాకా పెంచుకునేది, ఇంకోటి ఆరు నుంచి ఇరవై నాలుగు దాకా. గారెట్ చెయ్యి మొదటి దాని మీదికే వెళ్ళింది. అదే మంచిదని బర్డెట్ కూడా అన్నాడు. ఈ లోయలో ఎల్క్ దుప్పిని కాల్చేది దట్టమైన చెట్ల మధ్య, రాయి విసిరితే తగిలే దూరంలో. అక్కడ పనికొచ్చేది కింది నంబరు. పై నంబరు మైదానంలో కాల్చేవాళ్ళకీ, పందేలు కాసి గురి కొట్టేవాళ్ళకీ.

"పెంచేకొద్దీ బొమ్మ పెద్దదవుద్ది తల్లీ, కానీ కిటికీ చిన్నదైపోద్ది. వెలుగూ తగ్గిపోద్ది. మబ్బు పట్టిన పొద్దున అంత పెద్ద బొమ్మతో ఏం చేసుకుంటాడు?" అన్నాడు.

వెర్నాకి ఆ కిటికీ సంగతి బుర్రకెక్కలేదు. ఆవిడ బుర్రలో ఉన్నది వేరు. పక్క లోయలో అంతకు ముందరి ఏడు, తెల్లారీ తెల్లారని వెలుతుర్లో ఒకాయన కదిలేదేదో దుప్పి అనుకుని కాల్చాడు. అది సొంత బావమరిది. ఆ అంత్యక్రియలకి వెర్నా బంగాళదుంపల పళ్ళెం వండుకుని వెళ్ళింది. అక్కడ కాల్చినవాడు కుర్చీలో కూర్చున్న తీరు ఆవిడ మర్చిపోలేదు. పెద్దగా కనిపిస్తే మనిషో జంతువో తేలిపోతుంది కదా. అంతకు మించి ఆలోచించడానికేముంది?

"వాడి కన్ను సంగతి నీకు తెలీదా బర్డెట్? అసలే అంతంత మాత్రం చూపు. వాడికి పెద్దదే కావాలి," అంది.

కొట్లో తూటాలు ఏరుకుంటున్న ఇద్దరు మనుషులు తలలు తిప్పి చూశారు. గారెట్ చెవులు ఎర్రబడ్డాయి. చేతిలోది గుడ్డ మీద మెల్లిగా పెట్టేసి, "ఆ పెద్దదే ఇచ్చెయ్," అన్నాడు. ఇంటికొచ్చేదాకా రేడియో వింటూ బండి తోలాడు.

వేట రోజులు మొదలయ్యాక గారెట్ ఎప్పుడు అడవికెళ్ళినా వెర్నా కూడా పికప్‌లో వెళ్ళేది. అడవి బాట మొదట్లో బండాపుకుని, ఫ్లాస్కులో కాఫీ, ఒళ్ళో ఊలు పెట్టుకుని, వాడు తిరిగొచ్చేదాకా కూర్చునేది. ఇంట్లో ఉండి చావడం కన్నా ఇక్కడ ఉండి చావడం నయం అనేది. తమ్ముడు లైల్‌కి ఇది పెద్ద వేళాకోళం. "మా అక్క వేటకి బయల్దేరింది, ఊలు సూదులు పట్టుకుని. ఎల్క్‌లు అన్నీ పారిపోయి కెనడాలో దాక్కున్నాయంట," అని కనిపించినవాళ్ళందరికీ చెప్పేవాడు.

ఆ శనివారం పొద్దున మబ్బు దట్టంగా ఉంది. టామరాక్‌లు పసుపుపచ్చ సూదులన్నీ రాల్చేసి బోడిగా నిలబడ్డాయి. గారెట్ వంగి బూట్ల మీద మంచు తొడుగులు బిగించుకుంటున్నాడు. ఖాళీ తుపాకీని సంచిలోంచి తీసి ఇవ్వడం వెర్నా పని. తీసింది. రింగు ఆరు దగ్గరుంది. ముందురోజే వంటింటి బల్ల దగ్గర వాడు తన చేత్తో తిప్పి పెట్టుకోవడం ఆవిడ చూసింది. ఇంత పెట్టి కొన్నది ఆరు దగ్గర పెట్టుకోవడమేమిటనిపించింది. బావమరిదిని చంపుకున్నవాడు గుర్తొచ్చాడు. బొటనవేలితో రింగుని చివరికంటా తిప్పేసింది. పొయ్యి మీద మంట ఎక్కువైతే తగ్గించినట్టు, వాడి చొక్కా కాలరు సరిచేసినట్టు, అంత మామూలుగా చేసేసింది. వాడు నిలబడి తుపాకీ అందుకుని, తూటాలు వేసుకుని, భుజానికి తగిలించుకున్నాడు. రింగు వంక చూడలేదు. జీవితమంతా రింగు లేని స్కోపుతో వేటాడినవాడికి అటు చూసే అలవాటెక్కడిది?

ఒక్కటే తుపాకీ చప్పుడు వినిపించింది. వెర్నా ఊలు పక్కన పెట్టేసింది. ఒక్క దెబ్బంటే దుప్పి పడ్డట్టే అని భర్త అనేవాడు. కానీ ఎంత కూర్చున్నా వాడు రాలేదు. మాంసం మోసుకెళ్ళడానికి సాయం రమ్మనీ పిలవలేదు. ఆవిడకి వాడు మూడు రకాలుగా చచ్చిపోయి కనిపించాడు. కాఫీ చల్లారిపోయాక ఎప్పటికో చెట్లలోంచి వచ్చాడు, మోకాళ్ళ దాకా తడిసి, ఒట్టి చేతులతో.

తలుపు తీసి కూర్చుని చేతి తొడుగులు లాగేసుకున్నాడు. తర్వాత మాట మాటా కూడదీసుకుని చెప్పాడు. పెద్ద మగ దుప్పి పడక మీంచి లేచింది, ఇంత దగ్గర్లో. కొమ్ములు మామూలు కళ్ళకే కనిపించాయి, చట్టం ఒప్పుకునేవే. తుపాకీ ఎత్తి చూస్తే స్కోపు నిండా గోధుమరంగు వెంట్రుకలు, అవీ మసగ్గా. ముందేదో వెనకేదో తెలియలేదు. ఒక మడత కనిపించింది. ముందుకాలి వెనక మడత అనుకుని కాల్చాడు. అది తొడ ముందరి మడత. దుప్పి వంగిపోయి పరిగెత్తింది. నేల మీద పడిన నెత్తురు నల్లగా ఉంది, అందులో నమిలిన గడ్డి ఉంది. పొట్టలో తగిలిందన్నమాట. పొట్టలో తగిలినది త్వరగా చావదు. కాసేపు ఆగి జాడ పట్టుకుని వాగు దాకా వెళ్ళాడు. వాగులో జాడ పోయింది.

"పొగమంచులో చూసినట్టుందమ్మా," అన్నాడు. "కట్టు విప్పిన కొత్తలో ఉండేది చూడు, అచ్చం అట్టాగే. అయిపోయింది. ఈ కన్ను అయిపోయింది."

వెర్నాకి తెలిసిపోయింది. వాడు చెబుతుండగానే ఆవిడ బొటనవేలు చల్లబడిపోయింది. నోరు తెరిచింది కూడా. తెరిచి, "తడి సాక్సులు విప్పెయ్ నాన్నా, జలుబు చేస్తది," అంది.

చీకటి పడేదాకా ఇద్దరూ వాగు ఒడ్డున వెతికారు. దొరకలేదు. ఇంటికొచ్చాక గారెట్ వేడినీళ్ళ కింద నిలబడి ఉండగా వెర్నా తుపాకీ సంచి జిప్పు తీసింది. రింగు మీద ఇరవై నాలుగు, తను పెట్టింది పెట్టినట్టే ఉంది. ఆవిడ దాన్ని తిప్పి ఆరు దగ్గర పెట్టి, జిప్పు వేసేసింది. పొద్దున తిప్పింది తెలియక. ఇది అలా కాదు. ఇప్పుడు వేళ్ళకి ఏం చేస్తున్నదీ బాగా తెలుసు.

ఆదివారం వాడు కాఫీ తాగుతూ మావయ్యకి ఫోన్ చేశాడు. మధ్యాహ్నం వచ్చి తుపాకీ పట్టుకెళ్ళిపొమ్మన్నాడు, ఇక తనకి అక్కర్లేదన్నాడు. ఫోన్ పెట్టేసి, రేపు లారీ కంపెనీకి కూడా చెప్పేస్తానని తల్లితో అన్నాడు. కళ్ళెదురుగా నిలబడ్డ దుప్పి ముందూ వెనకా తెలియనివాడు, మంచు రోడ్డు మీద దుంగల లారీతో ఎదురొచ్చే బడి బస్సుని ఏం చూస్తాడు? ఊళ్ళో పశువుల దాణా కొట్లో మూటలెత్తే పని ఖాళీ ఉందట. అది చేసుకుంటాడట.

ఇన్నేళ్ళూ ఆవిడ దేవుణ్ణి అడిగింది అదే. వాడు ఆ లారీ దిగాలి, ఆ తుపాకీ మానాలి, సాయంత్రానికి ఇల్లు చేరే పని ఏదో చేసుకోవాలి. అడిగినదంతా దేవుడు బల్ల మీద పెట్టినట్టు పెట్టాడు. పెనం మీద అట్టు తిరగేస్తుంటే వెర్నా ఒంట్లో నరాలన్నీ వదులయ్యాయి, హాయిగా. ఆ హాయికి ఆవిడకే ఒళ్ళు జలదరించింది. వెనక్కి తిరిగి చూస్తే వాడు ఎడమ కన్ను మూసుకుని కుడి కంటితో గోడ మీద క్యాలెండర్ చదవబోతున్నాడు. పెదాలు కదులుతున్నాయి. మళ్ళీ తెరిచి, మళ్ళీ మూశాడు. తల్లి చూసిందని తెలిసి తల దించుకున్నాడు. ఆవిడ అట్టు మాడిపోయింది. చెబుదాం, లైల్ వచ్చి వెళ్ళాక చెబుదాం అనుకుంది. అప్పటికి తుపాకీ వెళ్ళిపోతుందన్న సంగతి కూడా ఆ అనుకోవడంలోనే ఉంది.

లైల్ మామూలుగానే గుమ్మంలోంచే మొదలుపెట్టాడు. వేటగాళ్ళిద్దరూ ఇంట్లోనే ఉన్నారే, ఊలు అయిపోయిందా అక్కా అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి తగ్గాడు. గారెట్ జరిగింది చెప్పాడు. నిన్న తల్లికి చెప్పినంత కూడా చెప్పలేదు, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. లైల్ తుపాకీ తీసి, బోల్టు లాగి ఖాళీగా ఉందని చూసుకుని, స్కోపు మీది రింగు చూశాడు.

"ఎక్కువలో పెట్టుకుని చూశావేమో అనుకున్నా. అట్టా చేసి బోల్తా పడ్డోళ్ళు బోలెడుమంది. కానీ ఇది ఆరులోనే ఉందిరా," అన్నాడు. "ఆరులో అంత దగ్గర్లో దుప్పి భుజం నుంచి తొడ దాకా కనబడి తీరాలి."

"ఆరులోనే పెట్టుకున్నా మావయ్యా. నా చేత్తో నేనే పెట్టుకున్నా. అందుకే చెబుతున్నా, కన్నే."

లైల్ తుపాకీని సంచిలో పెట్టి జిప్పు లాగడం మొదలుపెట్టాడు.

ఆ జిప్పు చప్పుడు వెర్నా భరించలేకపోయింది.

"కన్ను కాదు," అంది. "నేను తిప్పాను."

ఇద్దరూ చూశారు. ఆవిడ చేతులు ఆప్రాన్‌కి తుడుచుకుంటూ, తడి లేకపోయినా తుడుచుకుంటూ చెప్పేసింది. బండి దగ్గర, వాడు బూట్లు కట్టుకుంటున్నప్పుడు, చివరికంటా తిప్పాను. పెద్దగా కనిపిస్తే మంచిదనుకున్నాను. సాయంత్రం మళ్ళీ ఆరుకి తిప్పాను.

గారెట్ అరవలేదు. అరిచినా బాగుండేది. సంచి అందుకుని, తుపాకీ తీసి, ఇక పేలకుండా బోల్టు పూర్తిగా ఊడదీసి బల్ల మీద పెట్టి వరండాలోకి నడిచాడు. రింగుని ఇరవై నాలుగుకి తిప్పి, పెరటి కంచెకి అవతల ఒంటరిగా పాతి ఉన్న గుంజ వైపు ఎత్తాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఆరుకి తిప్పి చూశాడు. మళ్ళీ ఇరవై నాలుగు. వెనక నిలబడ్డ వెర్నాకి వాడి వీపు మాత్రమే కనిపిస్తోంది. ఆ వీపు కొంచెం కిందికి దిగింది, బరువు దింపినవాడి వీపులా.

"అదే మసక," అన్నాడు చివరికి. "నిన్నటిది ఇదే." తుపాకీ దించాడు. "పొద్దున తిప్పావు, సరే. తెలీక తిప్పావు. మళ్ళీ వెనక్కి ఎందుకు తిప్పావు?"

వెర్నా అబద్ధం కోసం వెతుక్కుంది. దొరకలేదు. "మానేస్తావని," అంది.

"నాకు కన్ను పోయిందని నేను అనుకుంటున్నా సరే, మానేస్తానని."

"ఆ."

లైల్ బూట్ల వంక చూసుకుంటున్నాడు. గారెట్ ఆవిడ వైపు చూడకుండానే అన్నాడు. "మీట నొక్కింది నేను. రింగు చూసుకోవాల్సింది నేను. ముందూ వెనకా తెలీకుండా నొక్కినోణ్ణి నేను. అది నాదే, దాన్ని నువ్వు తీసుకోలేవు. రెండోసారి తిప్పింది మాత్రం నీది." ఆ మాట అయ్యాక లోపలికెళ్ళి బోల్టు తెచ్చుకున్నాడు. "బూట్లేసుకో. ఆ దుప్పిని వెతకాలి."

ముగ్గురూ పికప్‌లో వెళ్ళారు. లైల్ నడుముకి ఎలుగుల మీద కొట్టే మందు డబ్బా తగిలించుకున్నాడు. వాగుకి అవతలి గట్టెక్కేసరికి బొంతకాకుల గోల వినిపించింది. ఆ గోలంటే ఏదో చచ్చి పడుందని అక్కడి వాళ్ళెవరికీ చెప్పక్కర్లేదు. గారెట్ చెయ్యెత్తి ఇద్దరినీ ఆపాడు. లోయకి అవతల, పడిపోయిన చెట్ల మధ్య, తవ్విపోసిన మట్టి గుట్టలా ఉంది. గుట్ట మీద గోధుమరంగు వీపొకటి కదిలింది. గ్రిజ్లీ ఎలుగు. దొరికిన దుప్పిని సగం తిని, మిగతాది మట్టీ రొట్టా కప్పి, దాని మీదే పడుకుని కాపలా కాస్తోంది. ఇక ఆ దరిదాపులకి ఎవరూ వెళ్ళకూడదు.

తుపాకీ స్కోపుతో ఊరికే దేన్నీ చూడకూడదని వాళ్ళ ఇళ్ళలో చిన్నప్పుడే నేర్పుతారు. అందుకని గారెట్ మెళ్ళోని దుర్బీను పెట్టి చూశాడు. చూసి, తీసి పక్కకి పట్టుకున్నాడు. వెర్నా చెయ్యి చాపింది. వాడు ఇవ్వడానికి సందేహించాడు. "వద్దులే అమ్మా," అన్నాడు. ఆవిడ చెయ్యి అలాగే చాపి ఉంచింది.

దుర్బీనులో అంతా దగ్గరికొచ్చేసింది. మట్టిలోంచి పైకి పొడుచుకొచ్చిన కొమ్ములు. ఒక వెనక కాలు, గిట్ట ఆకాశం వైపు. గుట్టకి ఇవతల మంచంతా చిందరవందరగా ఉంది. దుప్పి ఒకచోట పడుకుని, లేచి, నాలుగడుగులు వేసి, మళ్ళీ పడుకుని, మళ్ళీ లేచిన పడకలు. ప్రతి పడకలోనూ నల్లటి మరక. శనివారం రాత్రంతా బతికే ఉందన్నమాట. తను ఇంట్లో వెచ్చగా పడుకుని, వాడిక ఏ అడవికీ వెళ్ళడులే అనుకుంటూ ఉన్నంతసేపూ. వెర్నా ఆ పడకల్ని ఒక్కొక్కటీ చూసింది. బొమ్మ చెదిరినప్పుడల్లా దుర్బీను మళ్ళీ సరిచేసుకుని చూసింది.

బండి దగ్గరికి తిరిగొచ్చాక గారెట్ పర్సులోంచి వేట ట్యాగు చీటీ తీశాడు. దుప్పిని చంపినవాళ్ళు ఆ చీటీ మీద నెలా తేదీ కోసి కొమ్ముకి కట్టాలి. ఇక ఆ ఏడాదికి ఇంకోటి కాల్చకూడదు. లైల్ అడ్డుపడ్డాడు. చేతికి చిక్కని దానికి ట్యాగు కొయ్యమని చట్టం అడగదు, వేటకి ఇంకా బోలెడు రోజులున్నాయి, డీప్ ఫ్రీజర్ ఖాళీగా ఉంది, చలికాలమంతా ఏం తింటారు అన్నాడు.

"దుప్పి చచ్చింది కదా మావయ్యా," అన్నాడు గారెట్. జేబుకత్తితో నెల దగ్గర ఒక గాటు, తేదీ దగ్గర ఒక గాటు పెట్టాడు. కట్టడానికి కొమ్ము లేదు. మళ్ళీ పర్సులోనే పెట్టుకున్నాడు. ట్యాగులోంచి ఊడిన చిన్న ముక్కలు రెండు మంచులో పడ్డాయి.

తుపాకీ మాట లైల్ ఎత్తలేదు. అది గారెట్ వెనకే, సీటు వెనక కొక్కేనికి వేలాడుతోంది. వెనక్కి వస్తూ స్టీరింగు గారెటే పట్టుకున్నాడు. రోడ్డు మీద మంచు గట్టిపడి అద్దంలా ఉంది. ఒక మలుపులో బండి వెనక చక్రాలు కొంచెం పక్కకి జరిగాయి. మెల్లిగా వెళ్ళు అన్న మాట వెర్నా గొంతు దాకా వచ్చింది. మధ్యలో ఇరుక్కుని కూర్చున్న ఆవిడ రెండు చేతులూ మోకాళ్ళ మధ్య బిగించుకుంది.

"రేపు లోడుంది, తెల్లారకముందే వెళ్ళాలి," అన్నాడు వాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "లేపుతావా, అలారం పెట్టుకోనా?"

ఆ అడగడంలో ఎక్కడా మెత్తదనం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు. రేపటి చీకట్లో వంతెన మీద జారిపోయే లారీ ఒకటి ఆవిడ కళ్ళ ముందు అప్పుడే దొర్లింది.

"లేపుతాను," అంది.

అడవి రోడ్డు గేటు దగ్గర బండాగింది. లైల్ కదలబోతే వెర్నా వాణ్ణి తోసుకుని తనే దిగింది. గొలుసు విప్పి గేటు తీసి పట్టుకుంది. బండి దాటాక మూసి, గొలుసు వేసి, పడిందో లేదోనని లాగి చూసి, రెండడుగులు వేసి, వెనక్కెళ్ళి మళ్ళీ లాగి చూసింది. ఇదివరకైతే వాడు ఈపాటికి హారన్ కొట్టేవాడు. ఇప్పుడు కొట్టలేదు. అద్దంలో చూస్తున్నాడో లేదో ఆవిడకి తెలియదు. ఇంజను ఆడుతూనే ఉంది, వెనక ఎర్రదీపాలు మంచు మీద పడుతున్నాయి. ఆవిడ వచ్చి ఎక్కేదాకా బండి కదల్లేదు.